మాయా గుహలో కుండ దొరికితే అది క్రతువు కోసమే అని ఎలా తేలుస్తారు?

బిలద్వారం

పీజీ ఆర్కియాలజీ విద్యార్థుల కోసం మాయా నాగరికత (మధ్య అమెరికా) వాళ్ల గుహల మీద తెలుగులో నోట్సు తయారు చేస్తున్నాను. బెలీజ్‌లోని ఆక్తున్ తునిచిల్ ముక్నాల్ (అక్కడివాళ్లంతా ఏటీఎం అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను), గ్వాటెమాలాలోని నాహ్ తునిచ్, మెక్సికో యుకటాన్‌లోని బలంకాన్చే గురించి అచ్చయినవి చదివాను. ఒక్కచోట బండి ఆగింది. అన్నింటిలోనూ "ఇవి క్రతువులో వాడినవి" అని ఉంటుంది. ఎందుకలా అనుకోవాలి? ఎండాకాలం నీళ్ల కోసం దిగి ఉండొచ్చు. యుద్ధకాలంలో దాక్కుని ఉండొచ్చు. వరద లోపలికి తోసుకొచ్చి ఉండొచ్చు. వాడుక ఏమిటో తెలియని ప్రతి వస్తువునీ పూజా సామగ్రి ఖాతాలో వేసే అలవాటు మన తవ్వకాల రిపోర్టుల్లోనూ ఉంది కదా. విద్యార్థులు మొదట అడిగేది అదే.

నాకు కావాల్సినవి ఇవి: నివాసం, నీళ్లు, వరద అనే మూడింటినీ ఏ ఆధారంతో పక్కన పెడతారు? జీపీఎస్ అందని చీకట్లో ప్రతి పెంకు చోటునూ ఎలా నమోదు చేస్తారు? కాలనిర్ణయంలో ఎక్కడ పొరపాటు జరుగుతుంది? అంకెలతో చెబితే మేలు.

కుండపెంకు

కుండను చూసి ఇది పూజా కుండ అని ఎవరూ చెప్పలేరండీ. గుహల్లో దొరికేవి చాలావరకు ఇళ్లలో వాడిన రకాలే: నీళ్ల కుండలు, మూకుళ్లు, గిన్నెలు. ధూపపాత్రల లాంటివి కొన్నే. కాబట్టి తేల్చాల్సింది కుండను కాదు, అది ఉన్న చోటును. ఈ ఒక్క మాట మీ నోట్సులో మొదటి పేజీలోనే పెట్టండి.

మొదట వెలుతురు. గుహను ముఖద్వారం, మసక వెలుతురు, కటిక చీకటి అని మూడు భాగాలు చేస్తారు. ఈ గీతలు ఊహించి గీయకూడదు. పగటిపూట దీపాలన్నీ ఆర్పి, కళ్లు అలవాటు పడేదాకా 10, 15 నిమిషాలు ఆగి, చేతివేళ్లు కనిపించని చోటును సర్వే బిందువుకు కట్టి రాసుకోవాలి. తేదీ, గంట కూడా రాయాలి. సూర్యుడి దిక్కును బట్టి ఆ గీత పదుల మీటర్లు జరిగే గుహలున్నాయి. ద్వారం దగ్గర పైకప్పు కూలి ఉంటే పాతకాలపు వెలుతురు ఇప్పటికన్నా ఎక్కువో తక్కువో అయ్యుంటుంది, అదీ నమోదు చేయాలి.

ద్వారం దగ్గర మనుషులు ఉన్నారంటే నమ్మొచ్చు. కటిక చీకట్లో కాపురం మాత్రం కుదరదు. పొయ్యి వెలిగిస్తే పొగ పోయే దారి ఉండదు, గాలిలో తేమ నూటికి నూరు, మొక్కజొన్న నాలుగు రోజులకే బూజు పడుతుంది. కాపురం ఉంటే దాని గుర్తులు వేరు. పొరలు పొరలుగా బూడిద, నరికిన గాట్లున్న జంతువుల ఎముకలు, పనిముట్లు చెక్కినప్పుడు రాలిన రాతి పెచ్చులు, చదును చేసిన నేల, అన్ని రకాల పాత్రలూ ఉండాలి. మాయా గుహల చీకటి భాగంలో కనిపించేది ఇంకోలా ఉంటుంది. పల్చని మట్టి మీద విడివిడిగా బొగ్గు కుప్పలు, కాగడా పుల్లల కొసలు, ఒకటి రెండు అబ్సిడియన్ (అగ్నిపర్వతపు గాజురాయి) కత్తి పలకలు, కొన్ని కుండలు, అంతే. ఆ బొగ్గును సూక్ష్మదర్శిని కింద చూస్తే చాలా గుహల్లో పైన్ జాతి చెట్టుదే ఎక్కువ. జిగురు నిండిన ఆ చెక్క కాగడాకు బాగుంటుంది. గుహ చుట్టూ ఆ చెట్లు లేకపోతే దూరం నుంచి మోసుకొచ్చారన్నమాట.

నీళ్ల సంగతి కొట్టిపారేయలేం. యుకటాన్‌లోని పూక్ కొండప్రాంతంలో పైన నది లేదు, వాగు లేదు. బొలొన్‌చెన్ గుహలోకి ఊరంతా పెద్ద కర్ర నిచ్చెన మీద దిగి నీళ్లు మోసుకోవడం 1840లలో యాత్రికులు స్టీవెన్స్, క్యాథర్‌వుడ్ కళ్లారా చూశారు, క్యాథర్‌వుడ్ బొమ్మ కూడా గీశాడు. దగ్గర్లోని చాక్ గుహలోనూ నీళ్లకు వెళ్లే దారి పొడవునా పగిలిన కుండలే. అందుకని అడగాల్సింది ఇది: ఇంతకన్నా దగ్గరలో, తేలికగా నీళ్లు దొరికేవా? ఏటీఎం ముఖద్వారంలోంచే ఏరు బయటికి పారుతుంది. కుండ ముంచుకోవాలంటే అక్కడే ముంచొచ్చు. అది వదిలి, ఆ ఏట్లో ఈదుతూ నడుస్తూ అర కిలోమీటరు దాకా లోపలికి వెళ్లి, బండలెక్కి, ఏటికి పైనున్న పొడి గదిలో కుండలు పెట్టారు. నీళ్ల కోసం ఎవరూ ఆ పని చేయరు.

నీళ్ల కోసమే అయినా అది మామూలు నీళ్లు కాకపోవచ్చు. పైకప్పు నుంచి కారే, మనిషి చెయ్యి తగలని చుక్కలను యుకటాన్‌లో 'సుహుయ్ హా' అంటారు. మన మడినీళ్లు గుర్తు తెచ్చుకుంటే సరిగ్గా అర్థమవుతుంది. చుక్కలు పడే చోట్ల రాతి తొట్లు, కుండలు పెట్టి పట్టేవాళ్లు. అందుకే ప్రతి కుండ పైనా పైకప్పులో చుక్క కారుతోందా అన్నది నమోదు చేయాలి, అదీ వానాకాలం ఒకసారి, ఎండాకాలం ఒకసారి.

పగిలిన తీరు కూడా చెబుతుంది. కుండ అక్కడే కిందపడి పగిలితే ముక్కలన్నీ అక్కడే ఉండాలి. ఏటీఎంలోనూ ఇతర గుహల్లోనూ చాలా కుండలకు సగం ముక్కలు ఉండవు. అంచు ముక్కలను వృత్తాల చార్టు మీద పెట్టి, అంచు చుట్టుకొలతలో ఎంత శాతం దొరికిందో లెక్కించండి. 40 శాతమే దొరికి, మిగిలింది మట్టి జల్లెడలోనూ చుట్టుపక్కల గదుల్లోనూ లేకపోతే రెండే అవకాశాలు. మిగతా ముక్కలను మనుషులు పట్టుకుపోయారు, లేదా పగిలిన కుండలో భాగాన్నే తెచ్చి పెట్టారు. నీళ్లు తెచ్చుకునేవాడు ఈ రెండూ చేయడు.

బలంకాన్చే విషయంలో ఇంత తర్కం అక్కర్లేదు. యుకటాన్‌లోని పాత మాయా నగరం చిచెన్ ఇట్జా దగ్గరి ఈ గుహలో 1959లో ఒక గైడు, గోడ కట్టి మూసేసిన దారిని కనిపెట్టాడు. లోపల నేల నుంచి పైకప్పు దాకా కలిసిపోయిన సున్నపు స్తంభం, పెద్ద చెట్టు మానులా ఉంటుంది. దాని చుట్టూ త్లాలోక్ (మధ్య మెక్సికో వానదేవుడు) ముఖమున్న ధూపపాత్రలు, ఇంకా బొమ్మల కొలువులో పెట్టేంత చిన్న సన్నికల్లు, పొత్రాలు. అంత చిన్నదాని మీద ఏదీ నూరలేం. వాడుక లేని పరిమాణంలో చేసి, చీకట్లో వరసగా పేర్చి, గోడ కట్టి మూసిన వస్తువుకు ఇంకో వివరణ కష్టం.

నత్తల విషయంలో జాగ్రత్త. 'హూతె' అనే వాగు నత్త గుల్లలు గుహల్లో గుట్టలుగా ఉంటాయి. ఆ నత్త వాగుల్లో సహజంగానే బతుకుతుంది. గుల్ల కొస విరిచి ఉంటేనే మనిషి తిన్నది, కొస విరిస్తేనే మాంసం పీల్చడానికి వస్తుంది. కొస ఉన్నవి, లేనివి విడిగా లెక్కపెట్టని రిపోర్టును నమ్మకండి.

సున్నపుబండ

నమోదు గురించి చెబుతాను. పై పోస్టంతా "చోటు" మీద నిలబడింది, ఆ చోటును ఎంత కచ్చితంగా కొలిచామన్నదే అసలు పని.

జీపీఎస్ ద్వారం దగ్గరే ఆగిపోతుంది. దట్టమైన అడవిలో మామూలు చేతి జీపీఎస్ 5 నుంచి 10 మీటర్లు తప్పుతుంది. చెట్లు లేని చోట ఒక బిందువును బాగా కొలిచి, అక్కడి నుంచి ద్వారానికి సర్వే గొలుసు తీసుకురండి. లోపల బిందువు నుంచి బిందువుకు దూరం, దిక్కు, వాలు కొలుస్తారు. ఇప్పుడు చాలామంది వాడేది డిస్టోఎక్స్: లైకా లేజర్ మీటరులో దిక్సూచి, వాలుమాపకం కలిపిన బోర్డు వేసి మార్చిన పరికరం. కొన్నాక, బ్యాటరీ మార్చాక, కొత్త దేశానికి తీసుకెళ్లాక తప్పనిసరిగా క్యాలిబ్రేషన్ (కొలత సరిచూసి సర్దడం) చేయాలి. 14 దిక్కులు, ఒక్కో దిక్కులో పరికరాన్ని నాలుగు పక్కలకు తిప్పి, మొత్తం 56 కొలతలు. ఇనుము లేని చోట చేయాలి. కారు పక్కన, గుడారం ఇనుప కమ్మీ పక్కన చేసి, గుహంతా రెండు డిగ్రీలు వంకర పోయిన మ్యాపులు ఎన్నో ఉన్నాయి.

లోపల ప్రతి కొలతనూ మూడుసార్లు తీయండి, మూడూ కలిస్తేనే ఉంచండి. ముందుకు ఒకసారి, అదే గీత మీద వెనక్కి ఒకసారి చూసి, రెండు డిగ్రీలకు మించి తేడా వస్తే అక్కడే మళ్లీ కొలవాలి. క్యాంపుకొచ్చాక సరిచేద్దాం అంటే కుదరదు. తేడాకు మామూలు కారణం తల మీది దీపం బ్యాటరీ. ఇనుప కళ్లజోడు, మెడలో గొలుసుకు వేలాడే కత్తి కూడా దిక్సూచిని లాగుతాయి. పరికరానికి వీటికి అర మీటరు దూరం ఉంచండి. దారి చుట్టూ తిరిగి మొదటి బిందువుకే వచ్చినప్పుడు మిగిలే తేడా మొత్తం పొడవులో 1 శాతం లోపు ఉంటే మంచి సర్వే, 2 దాటితే ఎక్కడో ఒక అంకె తప్పుగా రాసుకున్నారు. సర్వెక్స్ లేదా థీరియన్ అనే గుహ సర్వే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఏ గీత మీద అనుమానమో తెలుస్తుంది.

ఇది గుహ ఆకారానికి చాలు. వస్తువులకు చాలదు. వస్తువులున్న గదిలో మూడు నాలుగు శాశ్వత బిందువులు పెట్టి, వాటి నుంచి 1:50 స్కేలులో చేత్తో గీయాలి. దాంతోపాటు ఫొటోగ్రామెట్రీ, అంటే ఫొటోలు కలిపి త్రీడీ నమూనా, చేయాలి. పక్కపక్క ఫొటోలు 70, 80 శాతం ఒకదానిమీదొకటి పడాలి, ఎక్స్‌పోజర్ మార్చకూడదు, ప్రతి గుంపులో కనీసం రెండు కొలబద్దలు కనిపించాలి. చెడేది వెలుతురు దగ్గర. తల దీపంతో తీస్తే ప్రతి ఫొటోలో నీడ జరుగుతుంది, సాఫ్ట్‌వేర్ నీడను గుంటగా లెక్కేస్తుంది. రెండు మూడు ఎల్‌ఈడీ ప్యానెళ్లకు తెల్ల గుడ్డ కట్టి, కదలకుండా నిలబెట్టి తీయండి. తడి సున్నం అద్దంలా మెరుస్తుంది. దీపానికి, లెన్సుకు పోలరైజర్లు (మెరుపును ఆపే ఫిల్టర్లు) ఒకదానికొకటి అడ్డంగా పెడితే ఆ మెరుపు పోతుంది. ఏసీ కారులోంచి కెమెరా నేరుగా గుహలోకి తెస్తే లెన్సు లోపలే ఆవిరి పడుతుంది. సంచిలోనే అరగంట ఉంచి తీయండి.

మీరడిగిన వరద ప్రశ్నకు జవాబు ఈ మ్యాపులోనే ఉంది. నీళ్లు తోసిన పెంకులు బరువును బట్టి సర్దుకుంటాయి: పెద్దవి ముందు ఆగుతాయి, చిన్నవి దూరం పోతాయి. అంచులు గుండ్రంగా అరుగుతాయి. చదునైనవి చేపపొలుసుల్లా ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. ప్రతి పెంకుకు పొడవు, వాలిన దిక్కు, అంచు అరుగుదల రాసుకోండి. ఆ తర్వాత ఒకే కుండ ముక్కలను జత కలపండి. ముక్కలన్నీ వాలు కిందికే ఉంటే నీళ్ల పని కావొచ్చు. ఒక్క ముక్క అయినా వాలుకు ఎగువన, బండ మీద, గోడ గూట్లో ఉందంటే అది మనిషి చెయ్యే. ఏటీఎం పెద్ద గదిలో పురావస్తు శాస్త్రవేత్త హోలీ మోయ్స్ జీఐఎస్‌తో (కంప్యూటరు మ్యాపుల వ్యవస్థ) ఈ పనే చేశారు. సుమారు 1,400 ముక్కలను ఒక్కొక్కటిగా మ్యాపు మీద పెట్టాకే, అవి ఎక్కడ గుంపులు కట్టాయో మాట్లాడగలిగారు.

బిలద్వారం

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ఎగువన ఉన్న ఒక్క ముక్క గురించి చెప్పింది క్లాసులో అలాగే చెబుతాను. ఒక అనుమానం. విరిగిన సున్నపు ఊడల గురించి కూడా మనిషే విరిచాడని రాస్తారు. భూకంపంలోనూ విరుగుతాయి కదా?

సున్నపుబండ

విరుగుతాయి. అందుకే విరిగిన చోట్లను గుంపుగా చూడాలి. భూకంపంలో సన్నటివి, పొడుగాటివి ముందు విరుగుతాయి, చెయ్యి అందని ఎత్తులోనూ విరుగుతాయి, ముక్కలు కిందే పడి ఉంటాయి. మనిషి విరిస్తే నేల నుంచి చెయ్యి చాచినంత ఎత్తు దాకానే మొండాలుంటాయి, దెబ్బ తగిలిన గుంట కనిపిస్తుంది, కింద ముక్క ఉండదు. ఆ ముక్కలు ఎక్కడికి పోయాయన్నదే బలమైన సాక్ష్యం: పైన ఊళ్లలో గుడి నేల కింద పూడ్చిన నిక్షేపాల్లో, ఇళ్ల దగ్గర దొరుకుతాయి. గుహలో ఒక ముక్కను ఊరికి తెచ్చుకున్నారు. పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బ్రేడీ బృందం 1990లలో దీని మీద రాసినదాకా తవ్వకాల్లో వీటిని మామూలు రాళ్లని పారేసినవాళ్లే ఎక్కువ.

ఎప్పుడు విరిచారో కూడా రెండు వైపుల నుంచి బిగించొచ్చు. మొండెం పైపొర తేదీ తీస్తే విరిచింది దాని తర్వాతే. మొండెం మీద మళ్లీ పెరిగిన కొత్త సున్నం అడుగు పొర తేదీ తీస్తే విరిచింది దానికి ముందే. ఒక్క చిక్కు ఉంది, చుక్క ఆగిపోయి చాలా ఏళ్ల తర్వాత మళ్లీ మొదలైతే ఆ రెండు తేదీల మధ్య దూరం వందల ఏళ్లు ఉంటుంది.

బొగ్గుముక్క

కాలనిర్ణయం విషయంలో తప్పులు ఎక్కువగా సేకరణ దగ్గరే జరుగుతాయి, ల్యాబులో తక్కువ.

కార్బన్-14కు ఏఎంఎస్ (కార్బన్ అణువులను నేరుగా లెక్కించే) పద్ధతిలో కొన్ని మిల్లీగ్రాముల బొగ్గు చాలు. చాలు కదా అని ఏ ముక్క పడితే అది తీయకూడదు. ముందు అది ఏ చెట్టుదో, చెట్టులో ఏ భాగమో వృక్షశాస్త్రజ్ఞుడితో చూపించి తర్వాతే పంపాలి, ఎందుకంటే పరీక్షలో ముక్క కాలిపోతుంది. కాగడాకు వాడిన జిగురు చెక్క చెట్టు లోపలి భాగంలోదో, ఎప్పుడో ఎండిన మొదలుదో అయ్యుంటుంది. చెట్టు నరికిన నాటికే దాని వయసు నూరేళ్లు దాటి ఉండొచ్చు. కాగడా వెలిగించింది క్రీ.శ. 850లో అయినా తేదీ 720 అని రావచ్చు. బెరడు అంటుకున్న సన్నటి పుల్ల, మాడిన మొక్కజొన్న గింజ, ఏదైనా ఒక్క ఏడాది బతికే మొక్క గింజ దొరికితే దానికే మొదటి ప్రాధాన్యం.

తీసేటప్పుడు ఇనుప పట్టకారుతో అల్యూమినియం రేకులో పెట్టండి. దూది, కాగితం, గుడ్డ అన్నీ కొత్త కార్బనే. నేల మీద పైపైన ఉన్న బొగ్గు మీద నమ్మకం పెట్టుకోవద్దు. వందేళ్లుగా వేటగాళ్లు, దొంగ తవ్వకందార్లు, పర్యాటకులు అదే దారిలో కాగడాలు, కార్బైడ్ దీపాలు పట్టుకుని నడిచారు. సున్నం పొర కింద బిగుసుకుపోయిన బొగ్గు అన్నిటికన్నా మేలు. అది దొరికితే పైనున్న సున్నాన్ని యురేనియం-థోరియంతో (యురేనియం క్షీణించి థోరియం అయ్యే లెక్కతో) కూడా కొలిచి, రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో చూడొచ్చు. ఆ సున్నంలో మట్టి కలిస్తే మట్టితో వచ్చిన థోరియం వయసును పెంచేస్తుంది. గీరినప్పుడు గోధుమ రంగు చార కనిపిస్తే ఆ చోటు వదిలి తెల్లటి, గట్టి పొర వెతకండి.

ఎముకల సంగతి వేరు. ఆ వేడికి, తడికి ఎముకలోని ప్రోటీను, అంటే కొల్లాజెన్, కరిగిపోతుంది. ల్యాబు ముందు ఎముకలో నైట్రోజన్ శాతం చూసి, లేదంటే పరీక్షే చేయదు. కొల్లాజెన్ లేని ఎముకలోని ఖనిజ భాగం మీద తీసిన తేదీ, సున్నపు నీళ్లలో నానిన ఎముకకు అసలు పనికిరాదు.

ఇంకోటి, ఇది చాలామంది దాటేస్తారు. కార్బన్ కొలతను క్యాలెండరు ఏళ్లలోకి మార్చే క్యాలిబ్రేషన్ గీత క్రీ.శ. 770 నుంచి 890 దాకా దాదాపు చదునుగా ఉంటుంది. మాయా నగరాలు ఒక్కొక్కటిగా ఖాళీ అవుతున్న కాలం సరిగ్గా అదే. ఎంత మంచి ల్యాబుకు పంపినా ఒక్క బొగ్గు ముక్కకు నూరేళ్ల వెడల్పున తేదీ వస్తుంది. పొరల క్రమం తెలిసిన ఐదారు ముక్కలను కలిపి బేయిజియన్ నమూనాలో (పొరల క్రమాన్నీ లెక్కలోకి తీసుకునే గణిత పద్ధతి) పెడితేనే అది బిగుస్తుంది. గుహల్లో మట్టి మందం కొన్ని సెంటీమీటర్లే కాబట్టి 5 సెంటీమీటర్ల మట్టాల్లో తవ్వడం కూడా ఎక్కువే. రంగు మారిన చోటల్లా ఆగాలి, 3 మిల్లీమీటర్ల జల్లెడ వాడాలి, ప్రతి మట్టం నుంచి రెండు లీటర్లైనా మట్టిని గింజల కోసం నీళ్లలో తేల్చడానికి విడిగా ఉంచాలి.

కుండపెంకు

బొగ్గుముక్క గారి చివరి మాట పట్టుకుని ఒకటి కలుపుతాను. కరువుకు, గుహ పూజలకు ముడిపెట్టే వాదన విద్యార్థులకు బాగా నచ్చుతుంది, అందుకే దాన్ని జాగ్రత్తగా నేర్పాలి. మోయ్స్, హైమే ఆవే తదితరులు 2009లో బెలీజ్‌లోని చెచెమ్ హా గుహ గురించి రాశారు. క్రీ.పూ. 1000కి ముందు నుంచే జనం వెళ్లిన గుహ అది. ఎంతమేర వాడారో తెలుసుకోవడానికి మట్టం వారీగా బొగ్గును తూచారు. లేట్ క్లాసిక్ (సుమారు క్రీ.శ. 600 నుంచి 900) చివర్లో తీరు మారింది: పెద్ద పెద్ద కుండలు తెచ్చి గూళ్లలో, అరుగుల మీద పెట్టడం మొదలైంది. మకాల్ అగాధం అనే ఇంకో గుహలోని స్టాలగ్మైట్ (చుక్కలు పడి నేల మీంచి పెరిగిన సున్నపు దిమ్మ) ఆ కాలంలో వానలు తగ్గాయని చెబుతోంది. రెండూ కలిపి వానదేవుడు చాక్‌కు మొక్కులు పెరిగాయన్నారు. నా మటుకు ఈ వాదన బలమైనదే. బొగ్గును తూచి వాడకాన్ని కొలవడం మంచి ఆలోచన, వస్తువుల తీరు మారడాన్ని కూడా పట్టుకున్నారు.

కానీ ఒక్క గుహలో మారినదాన్ని మాయా దేశమంతటికీ అంటగట్టకూడదు. బెలీజ్ దక్షిణాన యోక్ బాలుమ్ గుహ స్టాలగ్మైట్ మీద 2012లో వచ్చిన వానల చరిత్ర చూడండి. క్రీ.శ. 440 నుంచి 660 దాకా మంచి వానలు, తర్వాత 1000 దాకా క్రమంగా ఎండు, 1020 నుంచి 1100 దాకా దీర్ఘమైన కరువు. ఆ చివరి పెద్ద కరువు వచ్చేనాటికి ఎన్నో నగరాలు అప్పటికే వదిలేసి ఉన్నాయి. స్టాలగ్మైట్ తేదీలో తప్పు పదేళ్లు ఇరవై ఏళ్లు, బొగ్గు తేదీ వెడల్పు నూరేళ్లు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి "ఈ కరువుకే ఈ పూజ" అనడం కుదరదు.

నగరాలకు, గుహలకు ఉన్న సంబంధం ఇంతకన్నా గట్టిగా తెలిసింది. గ్వాటెమాలాలోని మాయా నగరం దోస్ పిలాస్‌లో బ్రేడీ బృందం 1990 నుంచి చేసిన సర్వేలో పెద్ద కట్టడాలు గుహల మీదే కట్టినట్లు తేలింది. ఎల్ దుయెండే పిరమిడ్ కింద నీళ్లున్న గుహ ఉంది. రాజభవనం దగ్గరి గుహలోంచి గట్టి వాన పడినప్పుడు నీళ్లు హోరుమంటూ బయటికి దూకుతాయి. వానాకాలం మొదలైందని ఊరంతటికీ రాజు గడప నుంచే వినిపించేది. తర్వాత మోయ్స్ తవ్విన బెలీజ్‌లోని లాస్ క్యూవాస్‌లోనూ గుడి ఉన్న చౌకం నేరుగా గుహ మీదే ఉంది. సహజ గుహ లేని గ్వాటెమాలా కొండ ఊళ్లలో, ఉతత్లాన్ లాంటి చోట్ల, తొలిచి మరీ గుహ చేసుకున్నారు. గుహ అంటే నీళ్లకో దాక్కోవడానికో అనేవాళ్లకు ఆ తొలిచిన సొరంగాలు చూపించండి.

ఎముకలపెట్టె

మీ నోట్సులో నరబలి అధ్యాయం ఉంటే ఈ మాటలు పనికొస్తాయి. గుహలో అస్థిపంజరం ఉన్నంత మాత్రాన బలి కాదు. నాహ్ తునిచ్‌లో ద్వారం దగ్గరి ఎత్తైన అరుగు మీద రాళ్లతో కట్టిన సమాధులున్నాయి, అవి గౌరవంగా పూడ్చినవి. ఏటీఎంలో కనీసం 14 మంది ఎముకలున్నాయి, అందులో పసిపిల్లలు కొందరు. వీటికి సమాధి గుంట లేదు, పక్కన సామగ్రి లేదు, నీళ్లు నిలిచే గుంటల్లో, బండల సందుల్లో పడి ఉన్నాయి. బెలీజ్‌లోని మిడ్‌నైట్ టెర్రర్ గుహలో బ్రేడీ బృందం తీసిన పది వేలకు పైగా ఎముకల్లో కనీసం 118 మంది తేలారు. పిల్లలు చాలామంది. ఒకేసారి చనిపోయారా, వందల ఏళ్లలోనా అన్నది తేదీలు ఎన్నిటి మీద తీశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

"కనీసం" అన్న మాట ఎప్పుడూ వదలకండి. కుడి తొడ ఎముకలు 9, ఎడమవి 11 ఉంటే కనీసం 11 మంది. చిన్న పిల్లల ఎముకలను విడిగా లెక్కపెట్టాలి, వయసు తేడా ఉన్న ఎముకలు ఒకే మనిషివి కావు కదా. చేతి, పాదాల చిన్న ఎముకలు తమ చోట్లలోనే ఉంటే శవం అక్కడే కుళ్లింది. అవి లేకుండా పుర్రె, పొడుగు ఎముకలే ఉంటే ఇంకెక్కడినుంచో తెచ్చి పెట్టారు. ఇది చూడాలంటే చిన్న ఎముకలు జల్లెడలోంచి జారిపోకుండా పట్టుకోవాలి.

ఆడా మగా తేల్చడంలో తొందర వద్దు. ఏటీఎంలో సున్నం పూత పట్టి తళతళ మెరిసే అస్థిపంజరాన్ని చాలాకాలం స్ఫటిక కన్య అన్నారు. ఇప్పుడు అది యువకుడిదని ఎక్కువమంది అభిప్రాయం. సున్నం కింద కటి ఎముక ఆకారం సరిగా కనిపించదు, యుక్తవయసులో ఆ తేడాలు ఇంకా తేలవు కూడా. దీనికన్నా పెద్ద పాఠం చిచెన్ ఇట్జాది. పవిత్ర సెనోటె (నేల కుంగి ఏర్పడిన నీళ్ల బావి) దగ్గరి భూగర్భ తొట్టిలో 1967లో దొరికిన పిల్లల ఎముకల్లో 64 మంది డీఎన్ఏను చదివి 2024లో ప్రకటించారు. 64 మందీ మగపిల్లలే, ఎక్కువమంది 3 నుంచి 6 ఏళ్ల లోపువాళ్లు. రెండు జతలు ఒకేలాంటి కవలలు. దాదాపు నాలుగో వంతు మందికి అదే తొట్టిలో దగ్గరి చుట్టం ఉన్నాడు. బలి ఇచ్చింది ఆడపిల్లలను అన్న పాత కథ అక్కడితో పోయింది. ఆ వయసు ఎముకలను చూసి ఆడా మగా చెప్పలేమని అందరికీ తెలుసు, అయినా కథ వందేళ్లు నడిచింది.

బిలద్వారం

ఆ పసిపిల్లల సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. చివరిగా ఒకటి: ఇంత నమోదు చేశాక వస్తువులను మ్యూజియానికి తేవాలా, అక్కడే ఉంచాలా? అనుమతుల మాట కూడా చెప్పండి.

సున్నపుబండ

అనుమతి లేకుండా పెంకు కూడా కదపకూడదు. బెలీజ్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కియాలజీ, మెక్సికోలో ఐఎన్ఏహెచ్ (అక్కడి జాతీయ పురావస్తు సంస్థ) ఇవ్వాలి. పరీక్షకు దేశం బయటికి పంపే బొగ్గు ముక్కకు కూడా విడిగా అనుమతి కావాలి. యుకటాన్ పల్లెల్లో ఊరి హ్-మెన్‌తో, అంటే వాళ్ల పూజారితో, ముందు మాట్లాడాలి. బలంకాన్చేలో మూసిన గది తెరిచినప్పుడు ఊరివాళ్లు పట్టుబట్టి లోపలే క్రతువు జరిపించారు. ఆ గుహలు వాళ్లకు ఈనాటికీ గుళ్లే.

ఇక తేవాలా వద్దా అన్నది. చిచెన్ ఇట్జా దగ్గరి బలాంకు గుహను 1966లో విక్టర్ సెగోవియా చూసి, రిపోర్టు రాసి, ద్వారం మూయించేశాడు. గియెర్మో దె ఆండా బృందం మళ్లీ తెరిచి 2019 మార్చిలో ప్రకటించినప్పుడు 150కి పైగా ధూపపాత్రలు, గిన్నెలు ఉన్నవి ఉన్నట్లే ఉన్నాయి. బోర్లా పడుకుని పాకుతూ చేరే గదులవి. ఈసారి వాటిని బయటికి తేకుండా అక్కడే ఉంచి త్రీడీలో నమోదు చేస్తామన్నారు. పాత్రల అడుగున అంటుకున్న గింజలు, కాలిన సాంబ్రాణి ఇంకా ఉన్నాయి కాబట్టి అదే సరైన పని. కడిగి అద్దాల పెట్టెలో పెట్టిన పాత్రలో అవి మిగలవు.

అక్కడే ఉంచితే కాపలా కూడా ఉండాలి. నాహ్ తునిచ్ గోడల మీది నల్లరంగు బొమ్మలను 1989లో ఎవరో చెరిపి పాడు చేశారు. ఏటీఎంలో 2012లో ఒక సందర్శకుడి చేతిలోంచి కెమెరా జారి మీద పడి ఒక పుర్రె పగిలింది, అప్పటి నుంచి కెమెరాలు నిషేధం. పొడి గదిలోకి బూట్లు విప్పి మేజోళ్లతోనే ఎక్కాలి. తాడు కట్టిన ఒక్క దారిలోనే నడవాలి. సర్వే బృందానికీ అదే నియమం పెట్టండి. దారి పక్కనున్న పెంకును ఫొటో తీయడానికి అడుగు బయట పెట్టాల్సి వస్తే, ముందు ఆ అడుగు పడే చోటును ఫొటో తీయండి.

గబ్బిలాల పెంట ఉన్న పొడి గదిలో ఎన్95 మాస్కు తీయకండి. హిస్టోప్లాస్మా శిలీంధ్రం ఊపిరితిత్తుల్లో చేరితే 3 నుంచి 17 రోజుల్లో జ్వరం, దగ్గు మొదలవుతాయి, అప్పటికి విద్యార్థులు ఇళ్లకు చేరి ఉంటారు. గుహలోకి వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పమని ప్రతి ఒక్కరికీ కాగితం మీద రాసివ్వండి.